నచ్చని ఆటలో నచ్చిన వీరుడు

ఫైటింగ్ గేములు ఆడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. మనకు అస్సలు పడని ఆట ఒకటి ఉంటుంది. అందులోని రక్తపాతం నచ్చకపోవచ్చు, ఆడవాళ్లను చూపించే తీరు నచ్చకపోవచ్చు, దుస్తులకొక ధర, పాత్రకొక ధర అంటూ డబ్బులు గుంజే పద్ధతి నచ్చకపోవచ్చు. దాని జోలికి పోకూడదని ఏనాడో అనుకున్నాం. ఇంతలో ఒక ట్రైలర్ వస్తుంది. చిన్నప్పటి నుంచి ప్రాణంగా చూసుకున్న పాత్ర వేరే కథలోంచి నడిచొచ్చి సరిగ్గా ఆ ఆటలోనే నిలబడుతుంది. సంతోషించాలో, బాధపడాలో తేలదు. కొంటే మన మాట మనమే తప్పినట్టు, కొనకపోతే ఆ పాత్రను మనమే దూరం పెట్టినట్టు అనిపిస్తుంది.

దీన్ని అభిమానుల చాదస్తమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. ఒక పాత్రను ప్రేమించడమంటే అది ఏం చేస్తుందో, ఏం చేయడానికి ఒప్పుకోదో, దేని కోసం దెబ్బలు తింటుందో వాటన్నిటినీ ప్రేమించడం. మొహం, బట్టలు ఆ తర్వాతి సంగతి. ఆ పాత్ర హక్కులు అద్దెకు తీసుకుని వేరే ఆటలో దింపినప్పుడు ఇందులో ఎంత మిగిలిందని అడిగే హక్కు ఆటగాడికి ఉంది. ఫైటింగ్ గేముల్లో అతిథి పాత్రలు మొదలై ముప్పయ్యేళ్లు దాటింది. ఆ చరిత్ర మొత్తాన్నీ ముందు పెట్టుకుని ఈ ప్రశ్నను తిరగేయడమే ఈ వ్యాసం పని.

తొలి అతిథులు

1993లో జపాన్‌కు చెందిన ఎస్‌ఎన్‌కే సంస్థ ‘ఫేటల్ ఫ్యూరీ స్పెషల్’ విడుదల చేసింది. బాగా ఆడి చివరిదాకా వెళ్లినవాళ్లకు అక్కడ అనుకోని ప్రత్యర్థి ఎదురయ్యేవాడు. అతను అదే సంస్థ తీసిన ‘ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్’ కథానాయకుడు ర్యో సకజాకి. ఫైటింగ్ గేముల్లో తొలి అతిథిగా ఎక్కువమంది చెప్పేది ఇతని పేరే. ఆ మెరుపుకు వచ్చిన స్పందన చూసి మరుసటి ఏడాదే రెండు కథల వీరులనూ కలిపి ‘ది కింగ్ ఆఫ్ ఫైటర్స్ 94’ తెచ్చారు. అదే 1994లో క్యాప్‌కామ్ తన ‘ఎక్స్‌మెన్’ ఆటలో స్ట్రీట్ ఫైటర్ నుంచి అకుమాను రహస్య పాత్రగా దాచిపెట్టింది. అక్కడి నుంచే ‘ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్’, ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్’ పుట్టుకొచ్చాయి.

ఈ తొలి అతిథుల్లో ఒకణ్ని మన దగ్గర ఒక తరం బాగానే ఎరుగుదురు. గంటకింత అని డబ్బులిచ్చి వీడియో గేమ్ పార్లర్లలో ‘టెక్కెన్ 3’ ఆడినవాళ్లకు గాన్ గుర్తుండే ఉంటుంది. మోకాలి ఎత్తు కూడా లేని నారింజ రంగు డైనోసార్ పిల్ల. 1998లో వచ్చిన ప్లేస్టేషన్ వెర్షన్‌లోనే కనిపిస్తుంది, అంతకుముందటి ఆర్కేడ్ మెషీన్‌లో లేదు. ఎంత పొట్టిదంటే ఎదుటివాడి గుద్దులు దాని నెత్తిమీదుగా గాల్లోకి పోయేవి. అందుకే ‘గాన్ తీసుకోవద్దు’ అని ఆటకు ముందే ఒప్పందాలు జరిగేవి. అది జపాన్ చిత్రకారుడు మసాషి తనాకా గీసిన, ఒక్క మాట కూడా లేని మాంగా కథలోంచి వచ్చిందని పార్లర్లో ఆడిన చాలామందికి తెలియదు. తెలియకపోయినా దాన్ని ఇష్టపడ్డారు, విసుక్కున్నారు. అతిథి పాత్రతో వచ్చే రెండు భావాలూ అప్పుడే మొదలయ్యాయి.

వ్యాపారం వైపు మలుపు తిరిగింది ‘సోల్ కాలిబర్ 2’తో. 2002లో ఆర్కేడ్‌కు వచ్చిన ఈ కత్తియుద్ధాల ఆట మరుసటి ఏడాది ఇళ్లలోని కన్సోళ్లకు వచ్చేసరికి ఒక్కో యంత్రానికి ఒక్కో అతిథిని పెట్టారు. నింటెండో గేమ్‌క్యూబ్‌కు ‘జెల్డా’ వీరుడు లింక్, ప్లేస్టేషన్ 2కు టెక్కెన్ నుంచి హెయిహాచి, ఎక్స్‌బాక్స్‌కు అమెరికన్ కామిక్స్ నుంచి స్పాన్. ఆట ఒకటే, కానీ మనకు ఎవరు కావాలో దాన్నిబట్టి ఏ డబ్బా కొనాలో తేలుతుంది. అతిథి పాత్రకు మార్కెట్‌లో ఎంత బలముందో పరిశ్రమకు అప్పుడు అర్థమైంది. తర్వాత ఇంటర్నెట్ ద్వారా ఒక్కో పాత్రను విడిగా అమ్మే డీఎల్‌సీ పద్ధతి వచ్చాక, ఆట విడుదలైన రెండేళ్ల దాకా జనం నోళ్లలో నానడానికి అతిథులు ప్రధాన సాధనమయ్యారు.

ఇద్దరూ మనవాళ్లే అయితే

ఇష్టమైన ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి చూడాలన్న కోరిక వీడియో గేములతో పుట్టింది కాదు. తెలుగు ప్రేక్షకులకు అది బాగా తెలుసు. గయోపాఖ్యానం కథలో శరణన్నవాడి కోసం అర్జునుడు సాక్షాత్తూ కృష్ణుడి మీదే గాండీవం ఎక్కుపెడతాడు. ఆ కథ నాటకంగా ఊరూరా ఆడింది. 1963లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో ఎన్టీఆర్, ఏఎన్నార్‌లతో ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’గా తెరకెక్కింది. రాముడికీ ఆంజనేయుడికీ యుద్ధం పెట్టిన కథనూ జనం ఆదరించారు. 1975లో బాపు తీసిన సినిమా అందులో ఒకటి.

ఈ కథల్లో రచయితలు ఒక జాగ్రత్త తీసుకున్నారు. యుద్ధానికి కారణం ఇద్దరి స్వభావాల్లోంచే పుడుతుంది. ఇచ్చిన మాట ఒకరిది, శరణాగతుడికిచ్చిన అభయం ఇంకొకరిది. యుద్ధం ముదిరి, ఎవరూ ఓడకుండానే ఆగిపోతుంది. ప్రేక్షకుడు ఇద్దరినీ నిండుగా వెంటబెట్టుకుని ఇంటికి వెళ్తాడు.

ఫైటింగ్ గేముకు ఈ వెసులుబాటు లేదు. ప్రతి రౌండులో ఒకరు నేల మీద పడాల్సిందే. మధ్యలో ఏ దేవుడూ వచ్చి ఆపడు. కథ ద్వారా గౌరవం కాపాడే దారి మూసుకుపోయింది కాబట్టి, ఆ బరువంతా పోరాటం జరిగే పద్ధతి మీదే పడుతుంది. వచ్చినవాడు ఎలా నడుస్తున్నాడు, ఎలా కొడుతున్నాడు, ఎలా ఓడుతున్నాడు, గెలిచాక ఏం చేస్తున్నాడు అన్నవాటిలోనే పాత్ర బతకాలి, లేదా చావాలి.

అందుకే అతిథి పాత్రను తూచడానికి మూడు ప్రశ్నలు పెట్టుకుందాం. మొదటిది, ఆ పాత్ర శరీరం, పోరాట పద్ధతి నిజంగా వచ్చాయా, లేక మొహం మాత్రమే వచ్చిందా? రెండోది, ఆ పాత్ర స్వభావం మిగిలిందా? అది చేయని పని దాని చేత చేయించారా? మూడోది, వచ్చిన పాత్ర ఆ ఆట న్యాయాన్ని నిలబెట్టిందా, చెడగొట్టిందా? నచ్చని ఆట విషయంలో మన గుండెలో జరిగే పోట్లాటంతా ఈ మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు రావడం వల్లే జరుగుతుంది.

మోర్టల్ కాంబాట్: నెత్తుటి ఇంట గొప్ప పనితనం

నచ్చని ఆట అనగానే చాలామంది నోట వచ్చే పేరు ‘మోర్టల్ కాంబాట్’. 1992లో మొదలైనప్పటి నుంచీ దాని గుర్తింపు ఫేటాలిటీ. ఓడిపోయి తూలుతున్న ప్రత్యర్థిని తల పీకి, వెన్నెముక లాగి చంపడం. 1993లో అమెరికన్ సెనేట్ వీడియో గేముల హింస మీద విచారణ జరిపినప్పుడు ఎక్కువగా వినిపించిన పేర్లలో ఇదొకటి. 1994లో అమెరికాలో వయసు రేటింగులిచ్చే ఈఎస్‌ఆర్‌బీ పుట్టడం వెనుక ఉన్నది ఆ గొడవే. 2011 నాటి భాగానికి ఆస్ట్రేలియా వర్గీకరణ ఇవ్వడానికే నిరాకరించింది. అక్కడ పెద్దలకు మాత్రమే అనే గేముల తరగతి 2013లో వచ్చాక గానీ అది చట్టబద్ధంగా అమ్ముడుపోలేదు. గ్రాఫిక్స్ మెరుగైన కొద్దీ ఆ హింస వినోదం నుంచి శరీర నిర్మాణ పాఠంలా మారింది. 2019లో ‘మోర్టల్ కాంబాట్ 11’ మీద పనిచేసిన ఒకరు పేరు చెప్పకుండా పత్రికతో మాట్లాడారు. నమూనా కోసం నిజమైన హింసా దృశ్యాలు చూడాల్సి రావడంతో నిద్రలో పీడకలలు వెంటాడాయని ఆ వ్యక్తి చెప్పారు. ఈ ఆటను వద్దనుకునేవాళ్లకు కారణాలు బలంగానే ఉన్నాయి.

అలాంటి ఆటలోకి వచ్చిన అతిథుల జాబితా చిన్నది కాదు. 2011లో క్రేటోస్, ఫ్రెడ్డీ క్రూగర్. 2015 నాటి ‘మోర్టల్ కాంబాట్ ఎక్స్’లో జేసన్, ప్రిడేటర్, ఏలియన్, లెదర్‌ఫేస్. 2019 నాటి 11వ భాగంలో టెర్మినేటర్, జోకర్, స్పాన్, రోబోకాప్, రాంబో. 2023లో మళ్లీ మొదటి నుంచి అన్నట్టు వచ్చిన ‘మోర్టల్ కాంబాట్ 1’లో ఆమ్నీమ్యాన్, పీస్‌మేకర్, హోమ్‌ల్యాండర్, ఘోస్ట్‌ఫేస్, టీ-1000, కోనన్.

ఈ జాబితాలో స్పాన్‌ను కాస్త తీరిగ్గా చూడాలి. ఎందుకంటే అతను రెండు వేర్వేరు ఆటలకు అతిథిగా వెళ్లాడు. ఇద్దరు వంటవాళ్ల చేతిలో ఒకే సరుకు ఏమైందో పోల్చి చూసే అవకాశం అరుదుగా దొరుకుతుంది. టాడ్ మెక్‌ఫార్లేన్ 1992లో ఇమేజ్ కామిక్స్‌లో మొదలుపెట్టిన ఈ పాత్ర ప్రభుత్వం కోసం పనిచేసే ఒక హంతకుడిది. తనవాళ్ల చేతిలోనే చనిపోయి, భార్యను మళ్లీ చూడాలన్న ఆశతో నరకంతో బేరం కుదుర్చుకుని తిరిగొస్తాడు. వచ్చేసరికి ఆమె తన స్నేహితుడి భార్య. ఆ నష్టం, ఆ పశ్చాత్తాపం ఆ కథకు ఊపిరి. ఒంటిని అంటిపెట్టుకుని ప్రాణమున్నట్టు కదిలే ఎర్రటి అంగీ, గొలుసులు అతని రూపం.

‘సోల్ కాలిబర్ 2’ మర్యాదైన ఆట. నెత్తురు చుక్క కారదు. చాలామందికి, నాకూ, మనసుకు నచ్చిన ఆట. కానీ అక్కడి స్పాన్ చేతిలో ఒక పెద్ద గొడ్డలి పెట్టి, ఆయుధాల ఆటకు సరిపోయేలా అతణ్ని కత్తిరించారు. అతను అక్కడ మరో యోధుడు, అంతే. 2020 మార్చిలో ‘మోర్టల్ కాంబాట్ 11’లోకి వచ్చిన స్పాన్ వేరు. అంగీ ముడుచుకుని, విచ్చుకుని, ముళ్లుగా మారి పొడుస్తుంది. గొలుసులు తమంతట తామే లాగుతాయి. 1997 నుంచి 1999 దాకా హెచ్‌బీఓలో వచ్చిన యానిమేషన్ ధారావాహికలో స్పాన్‌కు గొంతిచ్చిన కీత్ డేవిడ్‌నే మళ్లీ పిలిచి మాట్లాడించారు. ఎదుట నిలబడ్డ ప్రతి పాత్రతోనూ పోరుకు ముందు రెండు మాటలు రాయించారు. ఆ పాత్రను చదివి, చూసి, ప్రేమించినవాళ్లు చేసిన పని అని ప్రతి కదలికా చెబుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నచ్చిన ఆట ఆ పాత్రను మొక్కుబడిగా చూసింది. నచ్చని ఆట నెత్తిన పెట్టుకుంది. మొదటి ప్రశ్నకు మోర్టల్ కాంబాట్ నిండా మార్కులు కొట్టేసింది. ఏలియన్ విషయంలో ఇంకా తెలివి చూపించారు. ఆ జీవి ఏ శరీరంలో పుడితే దాని లక్షణాలు తెచ్చుకుంటుందన్నది సినిమాల సూత్రం. అందుకని ఈ ఆటలోని టార్కాటన్ జాతి కడుపున పుట్టినట్టు చూపించి, వాళ్ల చేతుల్లోంచి పొడుచుకొచ్చే కత్తులను దానికీ ఇచ్చారు. అతిథి ఈ నేల మీదే పుట్టినట్టయింది.

రెండో ప్రశ్నకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. 1982 నాటి ‘ఫస్ట్ బ్లడ్’ సినిమాలో రాంబో యుద్ధం నుంచి విరిగిపోయి తిరిగొచ్చిన సైనికుడు. తనను వేటాడే పోలీసులను గాయపరుస్తాడే తప్ప కావాలని ఎవరినీ చంపడు. చివర్లో పై అధికారి ముందు కుప్పకూలి ఏడుస్తాడు. సిల్వెస్టర్ స్టాలోన్ స్వయంగా గొంతిచ్చిన ఆటలోని రాంబో మనుషులను ఉచ్చులో బిగించి ముక్కలు చేస్తాడు. ఈ పాపమంతా ఆటదే అనడం అన్యాయం, తర్వాతి రాంబో సినిమాలే ఆ దారి తొక్కాయి. కానీ ఆ మొదటి సినిమాను గుండెకు హత్తుకున్నవాడికి ఇక్కడ దొరికేది కండలు, కత్తి, రిబ్బను మాత్రమే. రోబోకాప్‌దీ అదే దారి. మనిషి శరీరాన్ని కార్పొరేట్ సంస్థ సొంతం చేసుకోవడం మీద 1987లో పాల్ వెర్‌హోవెన్ తీసిన చేదైన సినిమా అది. ఇప్పుడు అదే శరీరాన్ని ఒక సంస్థ మరో సంస్థకు అద్దెకిచ్చింది.

మోర్టల్ కాంబాట్ ఒకసారి అతిథి స్వభావాన్ని కాపాడే వైపూ నడిచి చూసింది. 2008 నాటి ‘మోర్టల్ కాంబాట్ వర్సెస్ డీసీ యూనివర్స్’లో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ ఎవరినీ చంపకూడదని నిర్ణయించారు. వాళ్లకు ఫేటాలిటీల బదులు ప్రత్యర్థిని కదల్లేకుండా చేసే ముగింపులు పెట్టి, ఆటను టీనేజీ పిల్లల రేటింగుకు తగ్గించారు. డీసీ అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. అసలు ఆట అభిమానులు చప్పగా ఉందన్నారు. అతిథి ధర్మం కాపాడితే ఇల్లు తన ధర్మం వదులుకోవాలి, ఇంటి ధర్మం నిలిస్తే అతిథి మారిపోవాలి. రాక్షసులైన ఫ్రెడ్డీ, జేసన్, హోమ్‌ల్యాండర్ లాంటివాళ్లు ఇక్కడ హాయిగా ఇమిడిపోవడానికి కారణం, వాళ్లకు వదులుకోవడానికి ధర్మమంటూ ఏమీ లేకపోవడమే.

మాయి షిరనుయి: ఒకే మనిషి, మూడు చూపులు

‘డెడ్ ఆర్ అలైవ్’ మీద అయిష్టం మరో రకం. 1996లో మొదలైన ఈ ఆట పోరాట వ్యవస్థ చక్కనిది. ఎదుటి దెబ్బను ఊహించి పట్టుకుని తిప్పికొట్టే పద్ధతి దాని సొత్తు. అయినా జనంలో దాని పేరు ఆడ పాత్రల దేహాల ప్రదర్శనకూ, లెక్కలేనన్ని దుస్తుల అమ్మకాలకూ ముడిపడింది. 2019 ఫిబ్రవరిలో ఎవో జపాన్ అనే ఫైటింగ్ గేముల టోర్నమెంటులో ఆరో భాగం ప్రచార కార్యక్రమం అసభ్యంగా ఉందని నిర్వాహకులే ప్రసారాన్ని ఆపేసి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

ఈ ఆటలోకి 2016లో ఎస్‌ఎన్‌కే పాత్ర మాయి షిరనుయి వచ్చింది, 2019లో మళ్లీ వచ్చింది. విసనకర్రలతో, నిప్పుతో పోరాడే ఈ నింజా 1992లో ‘ఫేటల్ ఫ్యూరీ 2’లో పుట్టినప్పుడే పొదుపైన దుస్తుల్లో పుట్టింది. కాబట్టి ‘డెడ్ ఆర్ అలైవ్’ ఆమెను పాడుచేసిందనడానికి వీల్లేదు. ఆమెలో అప్పటికే ఉన్న ఒక ముఖాన్ని మాత్రమే తీసుకుని పెద్దది చేసింది. 2025 ఫిబ్రవరిలో ‘స్ట్రీట్ ఫైటర్ 6’లోకి వెళ్లినప్పుడు అదే మాయి పైన జాకెట్ తొడుక్కుని, వయసుతో వచ్చిన నిబ్బరంతో కనిపించింది. పాత దుస్తులూ ఉన్నాయి, కానీ అవి కోరుకున్నవాళ్లకు. ఆ ఆటలో ఆమె కొత్త ఆటగాడికి విద్య నేర్పే గురువు కూడా. మనం ఒక పాత్రలో ఏం చూసి ఇష్టపడ్డామో మనకే చూపించే పరీక్ష ఇది. మాయి చలాకీతనం, మొండి ప్రేమ, పోరాట నైపుణ్యం ఇష్టమైనవాళ్లకు స్ట్రీట్ ఫైటర్‌లో ఆమె పూర్తిగా దొరికింది.

టెక్కెన్ 7: న్యాయం చెడినప్పుడు

మూడో ప్రశ్న, ఆట న్యాయం. దీనికి ‘టెక్కెన్ 7’ కంటే మంచి ఉదాహరణ లేదు. చాలామంది ఇష్టపడే ఆట ఒకటి అతిథుల వల్లే కొందరికి నచ్చని ఆటగా ఎలా మారుతుందో ఇక్కడ కనిపిస్తుంది.

అకుమా ఇక్కడికి కథలోంచి వచ్చాడు. హెయిహాచి భార్య కజుమి, తాను చనిపోతే తన భర్తనూ కొడుకునూ చంపమని అకుమా దగ్గర మాట తీసుకుంటుంది. వచ్చిన కారణం ఉంది, వ్యక్తిగత పగ కాని కర్తవ్యం ఉంది. 2017 చివర్లో ఫేటల్ ఫ్యూరీ ప్రతినాయకుడు గీస్ హొవార్డ్ చేరాడు. 2018లో ‘ఫైనల్ ఫాంటసీ 15’ నుంచి నాక్టిస్, 2019 ఫిబ్రవరిలో ‘ది వాకింగ్ డెడ్’ టీవీ ధారావాహిక నుంచి నీగన్ వచ్చారు. నీగన్ పేరు ప్రకటించినప్పుడు అభిమానుల్లో కనిపించింది ముఖ్యంగా ఆశ్చర్యమే. ముళ్లతీగ చుట్టిన బ్యాట్‌తో జాంబీల లోకంలోంచి వచ్చిన ఈ మనిషికి టెక్కెన్ కథలోని ఉక్కు పిడికిళ్ల టోర్నమెంటుతో సంబంధమేమిటో ఆట చెప్పలేకపోయింది.

పోటీ ఆటగాళ్ల ఫిర్యాదు మాత్రం అకుమా, గీస్ మీదే ఎక్కువ. టెక్కెన్ మూడు కొలతల ఆట. పక్కకు అడుగేసి తప్పుకోవడం, దూరం చూసుకుని వెనక్కి జరగడం, ఎదుటివాడు తప్పిన క్షణాన శిక్షించడం దాని వ్యాకరణం. ఈ ఇద్దరూ రెండు కొలతల ఆటల నుంచి తమ వ్యాకరణాన్ని వెంటబెట్టుకొచ్చారు. నింపుకుని ఖర్చు చేసే శక్తి మీటరు, పైనుంచి దూకి కొట్టడం, ఒక దెబ్బ మధ్యలోనే దాన్ని తెంపి మరో దెబ్బలోకి మారడం. అంటే మొదటి ప్రశ్నకు వీళ్లిద్దరూ అద్భుతమైన జవాబు. అకుమా చేతిలో పట్టుకుంటే నిజంగా అకుమాలాగే ఉంటాడు. కానీ ఏళ్ల తరబడి టెక్కెన్ నేర్చుకున్నవాడు అతని ఎదుట తన ఆట ఆడలేకపోయాడు. అతిథిని నిజాయితీగా తీసుకురావడమే ఆటకు భారమయ్యింది.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు ‘సోల్ కాలిబర్ 4’ (2008)లో జరిగింది. డార్త్ వేడర్, యోడా, వేడర్ శిష్యుడిగా వచ్చిన కొత్త పాత్ర, ముగ్గురూ స్టార్ వార్స్ వాళ్లే. ఆట సమతూకం కోసం లైట్‌సేబర్‌ను మామూలు కత్తిగా మార్చాల్సి వచ్చింది. ఉక్కును వెన్నలా కోసే ఆయుధం ఇక్కడ ఇనుప కత్తికి తగిలి ఆగిపోతుంది. పైగా యోడా పొట్టితనం వల్ల అతణ్ని పట్టుకుని విసిరే వీలే లేకపోయింది. మాయ పోయింది, సమతూకమూ దక్కలేదు. పదేళ్ల తర్వాత ఆరో భాగంలో ‘విచర్’ వీరుడు గెరాల్ట్‌ను అదే ఆట చక్కగా తెచ్చుకుంది. కత్తి వాడేవాడు, మంత్రాలు చిన్నవి, లోకం మధ్యయుగాన్ని పోలినది. ఎవరిని పిలవాలో ముందు ఆలోచిస్తే ఎలా పెట్టాలన్న చిక్కు సగం తీరుతుంది.

పిలుపు వెనుక ప్రేమ ఉంటే

‘సూపర్ స్మాష్ బ్రదర్స్’ ఆటంతా అతిథులే. బయటి సంస్థల నుంచి మొదట వచ్చినవాళ్లు 2008లో స్నేక్, సోనిక్. స్నేక్ సృష్టికర్త హిడియో కోజిమా అంతకుముందు భాగానికే అడిగారు, అప్పటికే ఆలస్యమైంది. దర్శకుడు మసాహిరో సకురాయి ఈ గూఢచారిని పిల్లలూ ఆడే ఆటలోకి తెచ్చేటప్పుడు బాంబులు, మందుపాతరలు, అట్టపెట్టెలో దాక్కోవడం ఉంచి రక్తం తీసేశారు. మోర్టల్ కాంబాట్ అతిథులను క్రూరంగా మారిస్తే స్మాష్ మెత్తగా మార్చింది. అయినా స్నేక్ స్నేక్‌లానే ఉన్నాడు. అతని స్వభావంలో ముఖ్యమైనది పొంచి ఉండటమే, నెత్తురు కాదు. 2019లో వచ్చిన ఫేటల్ ఫ్యూరీ వీరుడు టెర్రీ బోగార్డ్‌కు, ఒక్క బటన్‌తో నడిచే ఆ ఆటలో కూడా, తన సొంత ఆటలోని జాయ్‌స్టిక్ తిప్పే పద్ధతులను పనిచేసేలా ఉంచారు. ‘మైన్‌క్రాఫ్ట్’ స్టీవ్ ఎక్కడైనా దిమ్మెలు పేర్చగలగాలని అప్పటికే తయారైన వేదికలన్నిటినీ సవరించారు.

ప్రేమ ఉన్నంత మాత్రాన న్యాయం జరుగుతుందనీ లేదు. నాలుగో స్మాష్‌లో బయోనెట్టా ఎంత బలంగా తేలిందంటే, 2018 ఎవో ఫైనల్లో ఇద్దరూ ఆమెనే ఎంచుకున్నప్పుడు ప్రేక్షకులు హేళనగా అరిచారు. స్టీవ్‌ను కొన్ని టోర్నమెంట్లు నిషేధించాయి. అరిచినవాళ్లలో బయోనెట్టా సొంత ఆటలను ఇష్టపడేవాళ్లు కూడా ఉండే ఉంటారు. నచ్చిన పాత్ర నచ్చని శక్తిగా మారినప్పుడు అభిమానికి ఆ అరుపులు రెండువైపులా తగులుతాయి.

రొనాల్డో: పిలిచింది ఎవరు?

ఈ మూడు ప్రశ్నలకూ లొంగని ఉదాహరణ ఇటీవలిది. 1999 తర్వాత పాతికేళ్లకు పైగా ఎదురుచూసిన ఫేటల్ ఫ్యూరీ కొత్త భాగం ‘సిటీ ఆఫ్ ది వుల్వ్స్’ 2025 ఏప్రిల్‌లో వచ్చింది. స్ట్రీట్ ఫైటర్ నుంచి కెన్, చున్-లీ వస్తున్నారంటే అందరూ సంబరపడ్డారు. తర్వాత ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియానో రొనాల్డో, డీజే సాల్వటోరే గనాచి పేర్లు వినగానే చాలామంది నొచ్చుకున్నారు. నిజంగా బతికి ఉన్న మనుషులు, పోరాటంతో సంబంధం లేనివాళ్లు, టెర్రీ బోగార్డ్ ఎదుట నిలబడ్డారు.

ఈ బాధ కేవలం అభిరుచికి సంబంధించింది కాదు. ఎస్‌ఎన్‌కేలో 2022 నాటికి 96 శాతానికి పైగా వాటా సౌదీ అరేబియా యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ స్థాపించిన మిస్క్ ఫౌండేషన్‌కు చెందిన సంస్థది. రొనాల్డో ఆడేది సౌదీ లీగ్‌లో అల్ నస్ర్ జట్టుకు. కథలో ఏ అవసరమూ కనిపించని అతిథికి కారణం ఆట బయట వెతుక్కోవలసి వచ్చినప్పుడు, ఆటగాడికి అనుమానం రావడం సహజం. ఇన్నేళ్లు ఎదురుచూసిన ఆట, మనసుపెట్టి చేసిన పోరాట వ్యవస్థ, వాటి మీద ఈ నీడ. ఆటను ప్రేమించినవాళ్లే దానితో తగువు పడాల్సి వచ్చింది. కాబట్టి నాలుగో ప్రశ్న కూడా చేర్చుకోవాలి. ఈ అతిథిని ఎవరు పిలిచారు, ఎవరి కోసం?

అద్దె గడువు

అతిథి పాత్రలకు మరో బలహీనత ఉంది. హక్కుల గడువు తీరితే వాళ్లు అమ్మకంలోంచి మాయం కావచ్చు. 2013లో ‘సోల్ కాలిబర్ 2’ను హెచ్‌డీలో మళ్లీ విడుదల చేసినప్పుడు స్పాన్, హెయిహాచి ఉన్నారు, ఎక్కువమంది కోరుకునే లింక్ లేడు. అదే 2013 చివర్లో ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2’ ఆన్‌లైన్ దుకాణాల్లోంచి తొలగిపోయింది. మళ్లీ ఆ దుకాణాల్లో కొనుక్కోవడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. 2011 నాటి క్రేటోస్ ప్లేస్టేషన్ యంత్రాలు దాటి బయటకు రాలేదు. నచ్చని ఆటను నచ్చిన పాత్ర కోసం కొన్నవాడికి ఇది రెండు విధాల నష్టం. పాత యంత్రం మూలపడితే మనసు చంపుకుని కొన్నదీ పోతుంది, కొన్న కారణమూ పోతుంది. ఎవరెంత కష్టపడి ఆ కదలికలు చెక్కినా, ఒప్పంద పత్రం మీద తేదీ ముగిస్తే ఆ పని చరిత్రలో దాచుకోవడానికి దారి ఉండదు.

రెండు ఖాతాలు

ఇన్ని ఉదాహరణలూ చూశాక నాకు తేలిన మాట ఇది. పనితనం ఒక ఖాతా, విలువలు మరో ఖాతా. ఒకదానితో ఇంకొకటి చెల్లు వేయకూడదు. మోర్టల్ కాంబాట్ స్పాన్‌ను ఇంకెవరూ చేయనంత గొప్పగా చేసింది. ఆ మాట దాచుకోవడం ఆ కళాకారులకు చేసే అన్యాయం. ఆ గొప్పతనం వల్ల ఆ ఆట హింస మీద మన అభ్యంతరం వీసమెత్తు తగ్గనక్కర్లేదు. సోల్ కాలిబర్ మీద మన ప్రేమ అక్కడి స్పాన్ లోపాలను కప్పిపుచ్చనక్కర్లేదు. కంపెనీలు కోరుకునేది ఈ రెండు ఖాతాలనూ మనం కలిపేయాలనే. నచ్చిన మొహం చూపించి నచ్చని అలవాటును మనకు మామూలు చేయడమే ఆ వ్యాపారం. మిశ్రమ భావన ఆ వ్యాపారానికి అడ్డం. అందుకే దాన్ని వదిలించుకోవాల్సిన బలహీనతగా చూడకుండా, తీర్పుగా నిలుపుకోవాలి.

ఆటగాళ్లు చేయగలిగిన పనులున్నాయి. ప్రకటన రోజునే కొనేయకుండా ఆ పాత్ర కదలికలు, ముగింపులు చూసి, తన స్వభావంతో వచ్చిందో లేదో తేల్చుకోవచ్చు. కొనకూడదని నిర్ణయిస్తే, ఆ పాత్ర అసలు కామిక్‌నో, సినిమానో, ఆటనో మళ్లీ తెరిచి, తెలియనివాళ్లకు పరిచయం చేయవచ్చు. అతిథి పాత్ర చేయగల అతి పెద్ద మేలు అదే. కొన్నవాళ్లను తక్కువగా చూడకూడదు. ఒక పాత్ర కోసం నచ్చని గడప దాటడంలో తప్పు లేదు, ఆ గడప ఎందుకు నచ్చలేదో మరిచిపోవడంలో ఉంది.

తయారీదారులను అడగాల్సినవీ స్పష్టమే. పిలిచినవాణ్ని తన శరీరంతో, తన స్వభావంతో రానివ్వాలి. అతను చేయని పనిని అతని చేత చేయించడమే ఆట లక్షణమైతే, అతణ్ని పిలవకపోవడమే గౌరవం. అకుమా లాంటి బలవంతుణ్ని తెచ్చేటప్పుడు పాత ఆటగాళ్ల శ్రమ వృథా కాకుండా చూడాలి. హక్కుల ఒప్పందాల్లోనే ఆటను కలకాలం భద్రపరిచే నిబంధన రాసుకోవాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. లింక్, స్నేక్, టెర్రీ, గెరాల్ట్ విషయంలో వీటిలో చాలా వరకు నిజంగానే జరిగాయి. జరిగినచోట నచ్చినవాళ్లూ నచ్చనివాళ్లూ ఒకే కంట్రోలర్ కోసం చేయి చాచారు. ఆ ప్రమాణాన్ని ప్రతి కొత్త ట్రైలర్ ముందూ పెట్టి కొలవడం మన బాధ్యత.